ఈ వారం ఇంగ్లీషు మాట: అటెన్షన్



ఈసారి ఇంగ్లీషు శీర్షిక నన్ను రాయమన్నారు. నేను తొమ్మిదో తరగతి. నా ఇంగ్లీషు మార్కులు తెలిసినవాళ్ళు ఈ చార్టు చూసి నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి, పరవాలేదు. కానీ చివరిదాకా చదవండి. అన్ని మాటలుండగా ఈ మాటనే ఎందుకు తీసుకున్నానో మధ్యలో చెప్తాను.

1. ముందు స్పెల్లింగు

ఏ, డబుల్ టి, ఇ, ఎన్, టి, ఐ, ఓ, ఎన్. మొత్తం తొమ్మిది అక్షరాలు. చాలామంది ఒక 'టి' మింగేస్తారు. నేను గుర్తు పెట్టుకున్న పద్ధతి ఇది: మాటను మూడు ముక్కలు చేయాలి. 'ఎట్', 'టెన్', ఆఖరున 'షన్' అని పలికే 'టి, ఐ, ఓ, ఎన్'. 'ఎట్ టెన్' అంటే పది గంటలకు. పది గంటలకు క్లాసులో ఉంటాం కదా, అప్పుడు అటెన్షన్ ఉండాలి. ఇట్ల అనుకున్నప్పటినుంచి నేను ఒక్కసారి కూడా తప్పు రాయలేదు.

ఆఖరున 'టియన్' అని రాస్తాం, 'షన్' అని పలుకుతాం. స్టేషన్, నేషన్, ఎడ్యుకేషన్ కూడా అంతే.

2. అర్థం ఏమిటి?

డిక్షనరీలో చూస్తే శ్రద్ధ, గమనం, ధ్యాస, సావధానం అని ఉంటుంది. కానీ ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే అర్థం ఇంకా బాగా పడుతుంది. లాటిన్ అని ఒక పాత భాష ఉంది. ఇంగ్లీషులో చాలా మాటలు అక్కడినుంచే వచ్చాయి. అందులో 'టెండెరె' అంటే సాచడం, లాగి పట్టడం. 'అటెండెరె' అంటే ఒకదానివైపు సాచడం. మా తండాలో మేకలు తుమ్మచెట్టు కింద ముందు కాళ్ళు ఎత్తి, మెడ సాచి కొమ్మ అందుకుంటాయి. మనసు అట్ల సాచితే అది అటెన్షన్. దగ్గరికి వచ్చినదాన్ని తినడం కాదు, మనమే దానివైపు సాగాలి.

ఈ 'టెండెరె'కు చాలామంది పిల్లలు ఉన్నారు. గుడారాన్ని టెంట్ అంటాం, తాళ్ళతో లాగి కడతారు కాబట్టి. టెన్షన్ కూడా ఆ ఇంటిదే, మనసును తాడు లాగినట్టు లాగుతుంది. అటెన్షన్ ఉన్నవాళ్ళకు పరీక్షలప్పుడు టెన్షన్ ఉండదని మా ఇంగ్లీషు మేడం అంటారు.

మనం రోజూ వాడే ఇంకో రెండు మాటలు కూడా దీని సొంత అక్కచెల్లెళ్ళే. ఒకటి అటెండెన్స్, రెండోది అటెండర్. పొద్దున రిజిస్టర్ తెచ్చి పేరు పిలిస్తే 'ప్రెజెంట్ మేడం' అంటామే, అది అటెండెన్స్. ఫైళ్ళు తెచ్చేవారు, గంట కొట్టేవారు అటెండర్. ఈ మూడు ఒక్క కడుపున పుట్టాయని తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం అయ్యింది. ఎందుకో కింద చెప్తాను.

3. ఒక చిన్న 'టు'

ఇది పరీక్షలో వస్తుంది, జాగ్రత్తగా చదవండి.

'ఐ అటెండెడ్ ద క్లాస్' అంటే నేను క్లాసుకు పోయాను.

'ఐ అటెండెడ్ టు ద పేషెంట్' అంటే నేను రోగిని చూసుకున్నాను, కావలసింది చేశాను.

మొదటిదాంట్లో 'టు' లేదు. మనిషి అక్కడ ఉంటే చాలు. రెండోదాంట్లో 'టు' ఉంది. మనిషితోపాటు మనసు, చేతులు కూడా అక్కడ ఉండాలి. 'ఐ అటెండెడ్ టు ద క్లాస్' అని మనం పొరపాటున రాస్తుంటాం. బడికి పోయాను అని చెప్పడానికి అది తప్పు.

ఇక అటెన్షన్ వాడుక:

'పే అటెన్షన్ టు' అంటే శ్రద్ధ పెట్టు. 'పే అటెన్షన్ టు ద లెసన్.' ఇక్కడ 'టు' తప్పకుండా రావాలి. 'ఆన్' రాయవద్దు.

'డ్రా అటెన్షన్' అంటే ఎదుటివాళ్ళ దృష్టిని ఒకదానివైపు తిప్పడం.

'మెడికల్ అటెన్షన్' అంటే వైద్యం, డాక్టరు చూడటం.

'సీక్ అటెన్షన్' అంటే నన్ను చూడండి అని కోరడం.

ఇంకో సంగతి. ఈ మాటను లెక్కపెట్టకూడదు. 'యాన్ అటెన్షన్', 'టూ అటెన్షన్స్' అని అనకూడదు. నీళ్ళను, బియ్యాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టనట్టే. కొంచెం, చాలా అని మాత్రం చెప్పవచ్చు.

'పే' అంటే కట్టడం, చెల్లించడం. ఫీజు పే చేస్తాం, కరెంటు బిల్లు పే చేస్తాం. ఇంగ్లీషువాళ్ళు శ్రద్ధను కూడా డబ్బు లాగ చెల్లిస్తారు. మరి మన తెలుగులో? శ్రద్ధ పెట్టు, మనసు పెట్టు, చెవి పెట్టు అంటాం. అన్నం కూడా పెట్టు అనే అంటాం. వాళ్ళు కడతారు, మనం పెడతాం. నాకైతే మనదే బాగుంది అనిపించింది.

4. సావధాన్!

పొద్దున అసెంబ్లీలో పి.ఇ.టి. మేడం 'సావధాన్' అంటే మనం మడమలు కలిపి నిలబడతాం. ఇంగ్లీషు డ్రిల్లులో దీన్నే 'అటెన్షన్' అంటారు. సావధానం అంటే 'స' కలిపిన 'అవధానం'. అవధానంతో కూడి ఉండటం అని తెలుగు సార్ చెప్పారు. అవధానం అంటే మనసును ఒకచోట నిలపడం.

ఈ పేరుతో తెలుగులో ఒక పెద్ద విద్య ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది ప్రశ్నలు అడిగేవాళ్ళు అవధాని చుట్టూ కూర్చుంటారు. వాళ్ళను పృచ్ఛకులు అంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు మాటలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, అది దత్తపది. ఒకరు ప్రతి అక్షరానికి అడ్డం పడి ఈ అక్షరం వాడవద్దు అంటారు, అది నిషిద్ధాక్షరి. కొన్ని అవధానాల్లో ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో చివర చెప్పాలి. ఇంకొకరి పని ఏమిటంటే, సంబంధం లేని ప్రశ్నలు అడిగి నవ్వించి అవధాని ధ్యాస చెడగొట్టడమే! దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుకుంటూ తిరిగి, చివరకు అన్ని పద్యాలూ కాగితం చూడకుండా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. వంద మందితో చేస్తే శతావధానం. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారు (1870–1950) జంటగా తిరుపతి వేంకట కవులు అనే పేరుతో ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చారు.

మన స్టడీ అవర్ కూడా ఒక అవధానమే అనుకోండి. ముత్తంగి దగ్గర ఒకవైపు ముంబై రోడ్డు, ఒకవైపు ఔటర్ రింగ్ రోడ్డు. లారీల హారన్లు ఆగవు. పక్కన ఒకరు ఎక్కాలు చదువుతారు, ఒకరు సోషల్ చదువుతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్ళయితే ప్రతి డార్మెటరీలో ఉన్నారు, పేర్లు రాయను.

కానీ ఒక మాట. సావధాన్ అనగానే కాళ్ళు నిలబడతాయి. మనసు కూడా నిలబడిందో లేదో పక్కవాళ్ళకు కనబడదు. కదలకుండా నిలబడిన పిల్ల వింటున్నదనీ, దిక్కులు చూసే పిల్ల వినడం లేదనీ అనుకుంటాం. అది ప్రతిసారీ నిజం కాదు. ఇక నా సంగతి చెప్తాను.

5. నా ప్రోగ్రెస్ కార్డు

మాది నారాయణఖేడ్ దిక్కు తండా. మా యాడి, మా బాపు బడి మొఖం చూడలేదు. దసరా పోయినాక మా తండాలో చాలామంది చెరుకు నరకడానికి కర్ణాటక పోతారు, ఎండాకాలం వస్తే గానీ తిరిగి రారు. చిన్నప్పుడు నన్ను కూడా తీసుకపోయేవారు. చెరుకు తోటల పక్కన గుడిసెల్లో ఉండేవాళ్ళం. అక్కడ ఒక చలికాలం నా ఎడమ చెవి నొప్పి పట్టింది, తర్వాత చీము కారింది. యాడి వెల్లుల్లి వేసి నూనె కాచి పోసింది. నొప్పి తగ్గింది. చీము మాత్రం అప్పుడప్పుడు వచ్చేది. అందరికీ అట్లనే ఉంటుందేమో అనుకున్నాను.

ఇక్కడికి రాకముందు నేను చదివిన బడిలో నన్ను గోడ పక్కన కూర్చోబెట్టేవారు. కుడి చెవి గోడ దిక్కు, ఎడమ చెవి టీచర్ దిక్కు. టీచర్ చెప్పింది సగం వినపడేది కాదు. పేరు పిలిచినప్పుడు పలికేదాన్ని కాదు. బడిలోనే కూర్చున్నా చాలాసార్లు ఆబ్సెంట్ పడింది. ఆ సంవత్సరం చివర ప్రోగ్రెస్ కార్డు ఇచ్చారు. మార్కుల కింద ఇంగ్లీషులో ఎర్ర సిరాతో రెండు మాటలు రాశారు. అది చదవడం నాకు రాదు, ఇంట్లో ఎవరికీ రాదు.

ఎర్ర సిరాతో, అది కూడా ఇంగ్లీషులో రాశారంటే బిడ్డను మెచ్చుకున్నారని మా బాపు అనుకున్నాడు. ఆ కార్డును సేవాలాల్ మహారాజ్ పటం వెనక భద్రంగా పెట్టాడు. చుట్టాలు వస్తే తీసి చూపించేవాడు.

తర్వాత నాకు ఈ బడిలో సీటు వచ్చింది. ఆరో తరగతిలో సెలవులకు పోయినప్పుడు పటం దుమ్ము తుడుస్తుంటే కార్డు కింద పడింది. అప్పటికి నాకు చదవడం వచ్చింది. ఒక్కొక్క అక్షరం కూడి చదివాను. 'నో అటెన్షన్.'

బాపు 'ఏం రాసిన్రు బిడ్డా, ఇప్పుడన్న చదివి చెప్పు' అన్నాడు. నేను 'మంచిగ చదువుతది అని రాసిన్రు బాపూ' అన్నాను. అబద్ధం చెప్పాను. కార్డు మళ్ళీ పటం వెనకనే పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మరి నాకు అటెన్షన్ లేదా? నిజానికి ఆ బడిలో నాకంటే ఎక్కువ ధ్యాస పెట్టినవాళ్ళు ఎవరూ లేరేమో. టీచర్ పెదవులు చూసేదాన్ని. పక్కపిల్ల ఏ పేజీ తీస్తే ఆ పేజీ తీసేదాన్ని. అందరూ నవ్వితే నవ్వేదాన్ని. సాయంత్రానికి తల పగిలిపోయేది. ఆ రెండు మాటలు తప్పు కాదు, కానీ రాయవలసింది నా కార్డు మీద కాదు అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ టీచర్ మీద నాకు కోపం లేదు. ఒక్కరే మూడు తరగతులు చూసేవారు.

6. అటెండర్ అక్క

ఈ బడికి వచ్చిన కొత్తలో కూడా పిలిస్తే పలకను అనే పేరు వచ్చింది. ఒకరోజు మన అటెండర్ అక్క సర్క్యులర్ తెచ్చి, నా ఎడమవైపు నిలబడి నన్ను మూడుసార్లు పిలిచింది. నేను తిరగలేదు. అక్క తిట్టలేదు. చుట్టూ తిరిగి కుడివైపు వచ్చి మెల్లగా పిలిచింది. వెంటనే తిరిగాను. అక్క ఏమన్నదంటే, 'నీకు పొగరు కాదే, చెవి పనిచేస్తలేదు.' అప్పటికప్పుడు నర్సు మేడం దగ్గరికి పట్టుకపోయింది.

పెద్దాసుపత్రికి పంపించారు. డాక్టరు లైటు వేసి చూసి కర్ణభేరికి చిల్లు పడిందని చెప్పారు. చీము తగ్గడానికి చుక్కల మందు ఇచ్చారు. చెవిలో నీళ్ళు పోకుండా చూసుకోమన్నారు. ఇప్పుడు చీము లేదు. ఎడమ చెవి కొంచెమే వినపడుతుంది. ఆపరేషన్ చేయవచ్చని అన్నారు. అప్పటినుంచి క్లాసులో ఎడమవైపు వరసలో మొదటి బెంచీ మీద కూర్చుంటున్నాను, అప్పుడు కుడి చెవి టీచర్ దిక్కు ఉంటుంది. ఇంగ్లీషులో నాకు ముప్ఫై దాటి మార్కులు వచ్చింది ఆ బెంచీకి మారినాకనే.

అటెండర్ అనే మాటకు అసలు అర్థం నాకు ఆ అక్కను చూసినాక తెలిసింది. 'టు' ఉన్న అటెండ్ ఆమెది.

చెవి గురించి డాక్టరు చెప్పినవి మీకు కూడా పనికొస్తాయి: చెవి కారుతుంటే నూనె పోయవద్దు. అగ్గిపుల్ల, పిన్నీసు, పుల్ల పెట్టవద్దు. స్నానం చేసేటప్పుడు నీళ్ళు పోకుండా చూసుకోండి. సిగ్గుపడకుండా నర్సు మేడానికి చెప్పండి. చెవి మీద కొడితే కర్ణభేరి పగలవచ్చు, కాబట్టి ఆటలో కూడా చెంప మీద, చెవి మీద కొట్టవద్దు. ప్రతి సంవత్సరం మార్చి 3న ప్రపంచ వినికిడి దినం జరుపుతారు. ఆ రోజు అసెంబ్లీలో ఈ విషయాలు చెప్పించాలని హెచ్.ఎం. మేడం గారిని కోరుతున్నాను.

ఇంకో సంగతి తెలుసా? ఒక్క చెవి మాత్రమే వినపడితే చప్పుడు ఏ దిక్కునుంచి వస్తుందో సరిగా తెలియదు. రెండు చెవులకు చేరే చప్పుడులో ఉండే చిన్న తేడాను బట్టే మెదడు దిక్కు పట్టుకుంటుంది. పోయిన ఏడు మనం ర్యాలీ పోయినప్పుడు సర్వీసు రోడ్డు మీద లారీ హారన్ విని నేను కుడివైపు చూశాను. లారీ ఎడమవైపునుంచి వచ్చింది. నా పక్కనున్న స్నేహితురాలు చెయ్యి పట్టి లాగింది. ఆమె చూసింది కాబట్టి ఈ పాఠం రాస్తున్నాను.

7. బోర్డు మీది మాటలు

మన చుట్టూ పటాన్‌చెరు, పాశమైలారం దాకా ఫ్యాక్టరీలే. మనలో కొందరి అమ్మానాన్నలు అక్కడే కూలికి పోతారు. గేట్ల దగ్గర, ట్యాంకర్ల మీద ఇంగ్లీషులో మాటలు ఉంటాయి. అవన్నీ ఒకటి కాదు. మామూలుగా వాటి వరస ఇది:

'నోటీస్' లేదా 'అటెన్షన్': ఇది చదివి తెలుసుకో.
'కాషన్': అజాగ్రత్తగా ఉంటే దెబ్బ తగలవచ్చు.
'వార్నింగ్': ప్రాణం పోవచ్చు.
'డేంజర్': తప్పించుకోకపోతే ప్రాణం పోతుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాలనుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాళ్ళే, మా వాళ్ళు చెరుకుకు పోయినట్టే. బోర్డు చదివితే పేలుడు ఆగుతుందని నేను అనడం లేదు. యంత్రాలను, మనుషులను చూసుకోవలసిన బాధ్యత యజమానులది, ఆఫీసర్లది. కానీ కూలికి పోయే మనిషికి తన ఎదురుగా ఉన్న బోర్డు మీద ఏముందో తెలియాలి కదా. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే నోటీసులు ఇంగ్లీషుతోపాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో కూడా పెట్టాలని రాశారని సోషల్ మేడం చెప్పారు. అందుకే ఈ నాలుగు మాటలు మీ నోట్సులో రాసుకొని, సెలవులకు పోయినప్పుడు ఇంట్లోవాళ్ళకు నేర్పించండి. నా ప్రోగ్రెస్ కార్డు సంగతి చదివారు కదా, ఎర్ర రంగులో రాసినది ఏమిటో తెలియకపోతే ఏమవుతుందో.

8. 'అటెన్షన్ కోసం ఏడుస్తుంది'

చివరిగా ఒక్క మాట, పెద్దవాళ్ళు కోపం చేసుకోవద్దు. జూన్‌లో ఐదో తరగతి చెల్లెళ్ళు కొత్తగా వస్తారు. రాత్రిళ్ళు ఏడుస్తారు. కడుపునొప్పి అంటారు, తలనొప్పి అంటారు. మనం అక్కలమే, 'అటెన్షన్ కోసం నాటకం చేస్తుంది' అంటాం. నేను కూడా అన్నాను, దాచను. అన్నం కోసం ఏడిస్తే నాటకం అనము. మరి ఎవరన్నా తనవైపు చూడాలని ఏడిస్తే అది తప్పు ఎట్ల అవుతుంది?

తీజ్ పండుగకు మా తండాలో పెళ్ళికాని ఆడపిల్లలం బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతాం. తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తాం. ఒక్క పూట మరిచిపోయినా మొలకలు పచ్చబడి వంగిపోతాయి. ఇంగ్లీషులో మొక్కలను, పశువులను, పిల్లలను చూసుకోవడాన్ని 'టెండ్' అంటారు. 'అటెండ్' అనే మాటే ముందు అక్షరం రాలి 'టెండ్' అయ్యింది.

రాత్రి రోల్ కాల్‌లో వార్డెన్ మేడం గారు ఎంత అలసిపోయి ఉంటారో మాకు తెలుసు. ఇంతమంది మొఖాలు ఒక్కరే చూడలేరు. అందుకని మా తొమ్మిదో తరగతి తరఫున ఒక కోరిక: ఒక్కొక్క అక్కకు ఇద్దరు చిన్న చెల్లెళ్ళను అప్పగించండి. వాళ్ళు తిన్నారా, జ్వరం ఉందా, పిలిస్తే పలుకుతున్నారా, బోర్డు కనబడుతుందా అని మేము చూసి మీకు చెప్తాం. రిజిస్టర్‌లో అటెండెన్స్ మీరు వేయండి, మిగతాది మేము చూస్తాం.

అభ్యాసం (ఖాళీలు పూరించండి)

1. ప్లీజ్ ______ అటెన్షన్ టు ద లెసన్.
2. ద నర్స్ అటెండెడ్ ______ ద సిక్ గర్ల్.
3. వి అటెండెడ్ ______ ద మీటింగ్.
4. నీ పక్క మంచం మీద పడుకునే అమ్మాయి నిన్న రాత్రి అన్నం పూర్తిగా తిన్నదా? ______

జవాబులు: 1. పే. 2. టు. 3. ఏమీ రాదు, ఖాళీగా వదిలేయాలి. 4. దీనికి జవాబు నా దగ్గర లేదు, పోయి అడిగి రాసుకోండి.

తప్పులుంటే మన్నించండి. స్పెల్లింగు తప్పులు కనబడితే పెన్సిల్‌తో దిద్దండి, చార్టు మీద పెన్నుతో గీయవద్దు. నాతో మాట్లాడాలంటే దయచేసి కుడివైపునుంచి పిలవండి.

ఇట్లు,
మీ చెల్లెలు, మీ అక్క,
తొమ్మిదో తరగతి, ఎడమ వరస, మొదటి బెంచీ